ఓదెలు మోకాలు, ఈ వారం

బల్లార్షా బొగ్గుబాయి కాడ
ల్యాంపు రూములో బిళ్లలిచ్చే పని నాది.
ఎవరు దిగిండ్రు, ఎవరు నాగా పెట్టిండ్రు,
నా కన్న ముందు దేవునికి కూడ తెల్వదు.
అయినా శుక్రవారం పొద్దుగూకిందంటే
నాకు ఒక్క మనిషి హాజరే కావాలె:
గుర్రం ఓదెలు.
కుడి అంచు మీద ఉరికేటోడు,
ఆకాశంలకెల్లి వచ్చే బంతిని
కాగిన గిన్నెను కొంగుతో దించినట్టు
పాదం మీదికి దించుకునేటోడు.

కాలనీ లీగు ఆదివారం ఆదివారం.
మా ఆట వేరే. వామన్‌రావు పోహా బండి కాడ,
రూళ్ల పుస్తకంలో.
తలా నూరు ఉత్తుత్తి రూపాయలు,
వాటితోనే పదకొండు మందిని కొనాలె.
గోలుకు అయిదు, గోలు చేయించిన పాసుకు మూడు,
మైదానంలో కాలు పెడితే ఒకటి,
పేరు రాసినంక ఆడకుంటే గుండుసున్నా.
శనివారం రాత్రి బండి దీపం ఆరితే
ఇగ పేరు మార్చేది లేదు.

ఓదెలు ధర ఇరవై రెండు.
ఆయన తర్వాతోని ధర పదమూడు.
పదిహేను వారాల్లో ఆడింది ఆరు.
మొదట చీలమండ, తర్వాత తొడ వెనక నరం,
వానల్లో మోకాలు,
మోకాలు మానేసరికి మళ్ల ఆ చీలమండే,
పాత అప్పు లెక్క.
పుస్తకంలో ఆయన పేరు పక్కన అన్నీ సున్నాలే,
నడుమ ఎక్కడో ఒక పదకొండు, ఒక పద్నాలుగు.
ఆ పద్నాలుగే మమ్ముల చెడగొట్టింది.

నేను డాక్టరును కాను. కానీ చూపు పడ్డది.
బస్సు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడ్తడు,
నీళ్ల బిందె ఏ పక్క మోస్తడు,
క్వార్టరు గోడ మీద బూట్లు ఎండుతున్నయా,
ఎండుతుంటే రెండా, ఒకటా.
సమ్మక్కతోని వావిలాకు కట్టించుకున్నడంటే
రెండు వారాలు లేనట్టే.
కంపౌండరు నగరాళే సూది వేసిండంటే
సగం పూట ఉన్నట్టు.
భార్య జమున మాత్రం ఎవరడిగినా ఒకటే మాట:
"పండుకున్నడు."
ఆమె అబద్ధమాడితే ఓదెలు ఆడుతడు,
నిజం చెప్తే ఆడడు, ఇది రాజమొగిలి సిద్ధాంతం.
ఏది ఏదో వానికీ తెల్వదు.

పోయిన శుక్రవారం రెండో షిఫ్టుకు
బిళ్ల కోసం చెయ్యి చాపిండు. నాలుగు వందల పదిహేడు.
నేను చేతిని చూస్తలేను.
"ఏంది, మోకాలును బేరమాడుతున్నవా?"
"ఎట్లుంది?"
"దిగుతది. ఎక్కేటప్పుడే మాట్లాడుతది."
ఈ బాయికి దిగుడు ఎంతో ఎక్కుడు అంతే.
ఆడుతవా అని అడగలేదు,
అడిగితే తొండాట.
మస్టర్ పడ్డదని రాసుకున్న.

శనివారం రాత్రి పుస్తకం తిప్పుతుంటే
కొత్త దస్తూరిలో ఒక జట్టు.
కింద పేరు: గుర్రం ఓదెలు.
ఎప్పుడొచ్చి రాసిపోయిండో! వామన్‌రావు నవ్వుతున్నడు.
పదకొండు పేర్లు చదివిన. మళ్లొకసారి చదివిన.
కుడి అంచుకు ముత్యాల భూమన్న,
ఆరు రూపాయల పోరడు,
నిరుడు దాకా బయటికి పోయిన బంతులేరినోడు.
తనను తాను కొనుక్కోలేదు.
ఇంతకన్న పక్కా కబురు ఏ నగరాళే ఇస్తడు?
రాజమొగిలి అప్పటికే ఓదెలును కొట్టేసి
రెండు జతల మంచి కాళ్లు తెచ్చుకున్నడు.
నా పెన్ను ఆ పేరు మీదికి పోయి
గుణింతం మర్చిపోయినట్టు నిలబడ్డది.
దీపం ఆరింది.

ఆదివారం.
పేపరు మిల్లు వాసన తడి గొంగడి లెక్క మైదానం మీద.
ఆఖరి పందొమ్మిది నిమిషాలకు దిగిండు.
ఒక్క బంతి వచ్చింది, ఎత్తుగా, ఎండలకెల్లి.
కొంగుతో గిన్నె దించినట్టే దించిండు,
తలెత్తకుండనే భూమన్న ముందుకు తోసిండు.
భూమన్న తన్నింది కమ్మికి తాకి
వార్ధా నది దిక్కు పోయింది.
ఓదెలుతోని నాకొచ్చింది ఒకటి.
భూమన్నతోని ఓదెలుకొచ్చింది కూడ ఒకటే.
పదిహేడు మందిలో నేను పదిహేనోవాణ్ని.

సోమవారం మొదటి షిఫ్టు.
కిటికీకి మోచెయ్యి ఆనిచ్చి నిలబడ్డడు,
కుడికాలు నేలకు తాకీ తాకక.
"వచ్చే వారం నా ధర తగ్గిస్తరా?"
"చూడాలె. పదిహేనుకు రావచ్చు."
బిళ్లను వేళ్ల నడుమ తిప్పుకుంట
లోపల ఏదో లెక్క కట్టిండు.
"పన్నెండుకు రానియ్యి," అన్నడు,
"నేనే కొనుక్కుంట."