పొగమంచు నవ్వదు

పొద్దున ఐదున్నరకి, వాతావరణం చదివే ముందు
మైకు దగ్గర ఒక్క క్షణం ఆగుతాను.
స్టూడియోలో వాళ్లు నా అలవాటనుకుంటారు.
అది నీకు పెట్టే దణ్ణం, ఎలెవుతేరియో తాతా.

చిలోయే దీవుల్లో మాది గుప్పెడంత దీవి.
బడి అవతలి దీవిలో. మధ్యలో ముప్పావు గంట నీళ్లు.
రంగు వెలిసిన నీ 'పలోమా'లో పదకొండుమంది పిల్లలం,
పదిమంది గోల, నేనొక్కణ్ణీ మూట.
నత్తి.
నాలుక మీద నత్త పాకినట్టు
ఇంటి రేవులో మొదలెట్టిన మాట
బడి గంట కొట్టినా ఒడ్డెక్కేది కాదు.

ఆ జూన్ చలిలో మంచు దిగింది.
పడవ ముక్కు పడవకే కనపడలేదు.
నువ్వు ఇంజను ఆపేశావు.
"ఒరే ఆన్సెల్మో, ముందుకెళ్లి పడవ పేరు అరువు.
కొండ ఎంత దూరమో అదే చెబుతుంది."
అన్ని గొంతులుండగా నన్నే!
"ప... ప... ప... పలోమా!"
కొండ కూడా తడబడింది, అచ్చు నాలాగే.
పిల్లలు కిసుక్కుమన్నారు.
నువ్వు చుక్కాని తిప్పుతూ, తీరిగ్గా,
"ఒక్కసారి అరిచేవాడికి ఒక్క జవాబు.
వీడికి నాలుగొచ్చాయి. కొండ ఎడమన ఉంది."
తర్వాత నాకొక్కడికే వినపడేలా,
"పొగమంచు నవ్వదురా. వింటుంది, అంతే."

బడి వంటావిడ ఎదువీహిస్ సంగతీ చెప్పాలి.
నా మాట ఎక్కడ చిక్కుకుంటే అక్కడ
ఎవరో ఒకరు లాక్కుని పూర్తిచేసేవారు, జాలితోనే.
ఆవిడ తలెత్తేది కాదు.
ఊదారంగు దుంప తొక్క తీస్తూ,
తొక్క తెగకుండా సాగినంతసేపూ
నా మాట కోసం ఆగేది.
ఎంత పొడుగు తొక్కలో!

రబ్బరు బూట్లకి అతుకులేసే నాయిన్
నాకేమీ నేర్పలేదు.
తడిసి వెళ్తే పొయ్యి దగ్గరికి స్టూలు జరిపేవాడు.
అంతే.
ఇన్నేళ్లయినా ఆ 'అంతే' కి అవతల ఏముందో
నాకు మాటలు దొరకలేదు.

పోయినేడు కాఫీ పొడి డబ్బా పట్టుకుని నీ దగ్గరికొచ్చాను.
దారంతా చెప్పుకున్న కృతజ్ఞత
నీ గుమ్మంలో మళ్లీ నత్తయింది.
పర్లేదులే, ఇంజను పక్కన నలభై ఏళ్లు కూర్చున్న చెవులు
ఇప్పుడు ఏదీ వినవట.
కాఫీ వాసన చూసి, డబ్బా ఊపి చూసి
"ఇంత ఎందుకు తెచ్చావ్?" అని తిట్టావు.

వచ్చేటప్పుడు నీ కూతురు రేవు దాకా వచ్చి చెప్పింది:
రోజూ తెల్లారగట్ల రేడియో ఒళ్లో పెట్టుకుంటావట.
అరచెయ్యి దాని మీద ఆనించి కూర్చుంటావట.
ఐదున్నరకి ఒక్క క్షణం అది అదరడం ఆగిపోతే
"ఇంజను ఆపాడు," అంటావట,
"వింటున్నాడు."

శుభోదయం.
ఇవాళ దీవుల మధ్య దట్టంగా మంచు.
ప... పడవలు మెల్లగా పోవాలి.