గంటకోసారి పేరు

పర్లాకిమిడి పోస్టాఫీసులో మూడో కిటికీ నాది.
రేడియో లైసెన్సులు.
ఏడాదికి పదిహేను రూపాయలు, ఒక స్టాంపు బిళ్ళ,
బిళ్ళ మీద గుండ్రటి ముద్ర.
వినడానికి కూడా సర్కారు ఒప్పుకోవాలంటే
అప్పట్లో నాకేం వింతగా తోచలేదు.
గొడుక్కి కామ ఉన్నంత మామూలు సంగతి.

ఎవరో ఆకాశరామన్న రాసేడు:
బెహరా దండాసి కొట్లో పదకొండు సెట్లు,
ఒక్కదానికీ పుస్తకం లేదు.
మా పోస్టుమాస్టరు పాణిగ్రాహి గారు
తన సైకిలిచ్చి పంపేరు.

కొమ్ముపని వాళ్ళ వీధి చివర,
బర్రెకొమ్ము రాకిన వాసన పక్కనే
టంకం కరిగిన వాసన.
"ఇవి నావి కావు బాబూ, జబ్బుసెట్లు.
ఆస్పత్రిలో మంచాలికి పన్నేస్తారేటి?"
అంటూనే ముక్కాలిపీట జరిపేడు.

మర్నాడు తెల్లారకముందే మళ్ళీ వెళ్ళేను.
ఎందుకో అడక్కండి.
డాబా మీంచి కొబ్బరిచెట్టు దాకా రాగితీగ.
ముల్లు వెంట్రుకవాసి జరిపితే
పాతచీర చింపుతున్నట్టు చప్పుడు,
దాని అడుగున, నూతిలోంచి, ఎవడో దొర.
"ఉండు, ఉండు. ఇప్పుడు పేరు సెప్తాడు."
చెప్పేడు. నాలుగక్షరాలు, వెనకాలే ఊరి పేరు.
"గంటకోసారి సెప్పాల. అమెరికాలో సట్టం.
నానెవర్నో సెప్పకుండా మాటాడ్డానికి లేదు."

మన దగ్గర వినేవాడికి కాయితం,
అక్కడ పలికేవాడికి.
"చెప్పకపోతే ఎవరు పట్టుకుంటారు?"
"నీలాంటోడే, ఎవడో, కిటికీ కాడ."

బీరువాలోంచి అట్టముక్కలు తీసేడు.
ఫలానా రోజు, ఫలానా వేళ విన్నానని రాస్తే
నిజమేనని స్టేషనువాళ్ళు పంపిన రసీదులు.
రసీదంటే నాకు గౌరవం. చేతులు తుడుచుకుని పట్టుకున్నాను.
పేర్లన్నీ డబ్ల్యూతోనో కెతోనో మొదలు.
"అక్కడో పెద్ద ఏరుందంట.
తూరుపొడ్డు డబ్ల్యూ, పడమరొడ్డు కె."
"మరి పడవలో ఉన్నవాడికి?"
టంకం కడ్డీ పక్కన పెట్టి చాలాసేపు నవ్వేడు.
నవ్వాగేక అన్నాడు:
"రూలు రాకముందు పుట్టినవి కొన్నున్నాయంట.
తప్పు ఒడ్డునే, పాత అచ్చరంతోనే.
ఆటిని ఎవులూ కదపలేదంట."

మా ఏరు మహేంద్రతనయ. అవతల పాతపట్నం.
ఎండాకాలం పంచె ఎగ్గడితే చాలు, దాటొచ్చు.
మా నాన్న పుట్టేనాటికి రెండొడ్లూ మద్రాసే.
ముప్పయ్యారులో ఎక్కడో బల్ల మీద గీత గీసేరు.
మా ఇల్లు కదల్లేదు, నుయ్యి కదల్లేదు.
ఇంటిపేరు మాత్రం ఓటరు జాబితాలో ఒకలా,
రేషను కార్డులో ఒకలా,
మా పిల్ల బడి రిజిస్టరులో
నేనే కూడబలుక్కుని చదవాల్సినట్టు.

రిపోర్టు రాసేను:
సెట్లు పదకొండూ రోగులు, యజమానులు వేరు.
పాణిగ్రాహి గారు నవ్వకుండా సంతకం పెట్టేరు.
వరసలో ఏడోది ఆయనదే.

తర్వాత లైసెన్సులే ఎత్తేసేరు.
మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టి, కట్టకట్టి
బరంపురం పంపించేం. రెండు తక్కువొచ్చేయి,
నా జేబులోంచి కట్టుకున్నాను.
దండాసి పోయేడు. ఆ కొట్లో అతని మేనల్లుడు
ఫోన్లకి అద్దాలు అతికిస్తాడు.
రాగితీగ మీద ఎవరో తువ్వాళ్ళు ఆరేస్తున్నారు.

ఈ మధ్య రాత్రుళ్ళు గడియారం కొడితే మెలకువొస్తోంది.
చీకట్లోనే, ఇంటిపేరుతో సహా,
మా అమ్మ పిలిచిన ఒరసలో
నా పేరు ఓసారి పైకి అంటాను.
"ఎవరితోటి?" అంటుంది సుభద్ర, అటు తిరిగి పడుకునే.
రూలు, అంటాను.
ఎక్కడో ఒక కిటికీ దగ్గర
ఎవడో ముల్లు తిప్పుతూ ఉండొచ్చు గదా.