ఆరో నంబరు క్రేన్ కింద

మా పెదనాన్న సింగరయ్య
ఏడాదికి పదకొండు రోజులే నీళ్లమనిషి.
మిగతా రోజుల్లో రాంనగర్ చేపల మార్కెట్టులో
ఐసుపెట్టెలు మోస్తాడు,
వంజరం ముక్కలు తూకం వేస్తాడు.
డబ్బు చేతిలో పడ్డాక
"నాలుగు రోజుల ఐసు చేప లెండి" అని
నిజం చెప్పేస్తాడు.
పక్కన చేపలు కోసే గౌసియా కత్తిపీట ఆపి
"అమ్మినాక చెప్పుడెందుకు సింగన్నా!" అని నెత్తి కొట్టుకుంటుంది.

చవితి దగ్గరపడగానే ఫోనొస్తుంది.
గజ ఈతగాళ్ల లిస్టులో ఆయనది పదిహేడో పేరు.
నారింజ రంగు జాకెట్టు, తాడున్న విజిల్,
రెండు పూటలా పులిహోర పొట్లం.
కూలెంతని అడిగితే
గాలి ఎటు తిరిగిందో చూస్తాడు.

"ఈ ఊరికి రేవు మనదేనే" అంటాడు
ట్యాంక్‌బండ్ గోడ మీద కూర్చుని.
గోల్కొండకు సముద్రమంటే బందరేనట.
గుర్రాలు అక్కడ దిగేవట,
అద్దకం గుడ్డలు అక్కడ ఓడెక్కేవట,
ఎడ్లబండి చక్రాలకంటిన ఉప్పు
కోట గుమ్మం దాకా వచ్చి రాలేదట.
ఎవరు చెప్పారు?
"మా తాతకి వాళ్ల తాత."
పుస్తకాల్లో ఉందో లేదో నేను వెతకలేదు.
ఉంటే ఆ తాత అవసరం తీరిపోతుంది.

తరవాత మేట వేసింది.
ఓడలు వేరే ఊళ్లు చూసుకున్నాయి.
గిలకలదిండిలో మాకు మిగిలింది
ఒక పడవలో మూడో వాటా,
ఏటా ఒక్క గంగమ్మ జాతర.
ఆ రోజు పడవలన్నిటికీ పసుపు నీళ్లు,
అణియానికి వేపమండ, కొత్త చీర జెండా.
వరసకట్టి మొగ దాకా వెళ్లి
అమ్మకి చలిమిడి వదిలి వచ్చేవారు.
ముందు పడవలో డప్పు, వెనక పడవలో పిల్లలు,
మధ్యలో
ఆ ఏడు తిరిగి రాని వాళ్ల పేరున ఒక ఖాళీ పడవ.
దాన్ని ఎవరూ తొయ్యరు. తాడు కట్టి లాగుతారు.

వాటా అమ్మేసి ఊరు వదిలినప్పుడు
తెడ్డొకటి వెంట తెచ్చుకున్నాడు.
బస్సు టాపు మీద వేసినందుకు
కండక్టరు సగం టికెట్టు కొట్టాడు దానికి.
అడిక్‌మెట్ గదిలో
మేం దాని మీద తడిబట్టలారేస్తాం.

నిమజ్జనం రాత్రి.
కవాడిగూడ వైపు నుంచి లారీలు.
లారీలనకూడదు పెదనాన్న ముందు.
"చూడు, తల ఎలా ఎత్తుతోందో,
అలకి అడ్డం పడకుండా ఎలా తిప్పాడో!"
జనం మీద తేలుతూ వస్తున్నాయి,
తీన్మార్‌కి ఊగుతూ, రంగు కాగితాలు కక్కుతూ,
ఒక్కో డ్రైవరూ ఒక్కో సరంగు.
క్రేన్ కొక్కెం దిగుతుంది, లేస్తుంది.
పన్నెండడుగుల దేవుడు గాల్లో ఒక్క క్షణం ఆలోచించి
దిగిపోతాడు.

రెండున్నర దాటాక
ఆటోలో వచ్చిందొక పిల్ల.
ఒళ్లో జానెడు మట్టి వినాయకుడు,
ఒక చెవి అప్పటికే విరిగింది.
ఇంత చిన్నదానికి క్రేన్ దేనికని ఆపరేటరు బీడీ ముట్టించాడు.
పెదనాన్న చేతులు చాచాడు.

"అంకుల్, సముద్రంలకి పోతడా?"

నేను ఆయన మొహం చూశాను.
"పోతాడు తల్లీ.
ఆ తూము దాటితే మూసీ,
వాడపల్లి కాడ కృష్ణ,
హంసలదీవి కాడ సముద్రం.
అక్కణ్ణుంచి మా ఊరు కేకేస్తే వినపడుద్ది."

"ఎన్ని రోజులు?"

"మేం ఒక్క రాత్రిలో వచ్చేశాం.
నీళ్లకేం తొందర?"

నడుం లోతు దిగి, మునిగి, లేచాడు.
జుట్టులోంచి పచ్చటి మురికి, ఒక బంతిపువ్వు.
పిల్ల ఆటో ఎక్కేసింది.
ఆటో కదిలింది.
అప్పుడు, అలవాటు కొద్దీ,
విజిల్ ఊది ఆపి మరీ అరిచాడు:
"మట్టే పోద్దమ్మా!
ఊచలూ రంగులూ ఇక్కడే ఉంటాయి!"

పిల్లకి వినపడిందో లేదో.
చెయ్యి మాత్రం ఊపింది.

పొద్దున తెడ్డు మీద
నారింజ జాకెట్టు నీళ్లు కారుతోంది.
గౌసియా ఫోన్ చేసి అడిగింది
ఇవాళ ఐసు ఎవరు దించుతారని.