మూడో తూటు

నర్సింగు కాలేజీ రికార్డులో
నరాలన్నీ నీలం స్కెచ్చుతో గీశాను.
తిన్నగా ఉన్నాయని షమీమ్ మేడం పదికి తొమ్మిదేసింది.

ఓబుళమ్మ చెయ్యి అట్లా లేదు.
చెనక్కాయలు వలిచి వలిచి తోలు కట్టిన చెయ్యి,
అనంతపురం పెద్దాసుపత్రి, ఆడోళ్ల వార్డు, పొద్దున ఆరున్నర.
పట్టీ బిగించాను. తట్టాను. తడిమాను.
సూది దగ్గరికి రాగానే నరం పక్కకు జారుకుంది,
వైవా రోజు నేను వెనక బెంచీకి జారుకున్నట్టు.

ఒకటి. దూది.
రెండు. దూది. నా చెమట ఆమె మోచేతి మీద.
"మేడమ్‌ను పిలుస్తానవ్వా."

"కూచో పాపా.
మా చేన్లో ఏడు బోర్లేసినాం, యాడా పడలా.
నువ్వు రెండింటికే కండ్లనీళ్లు పెడితే ఎట్లా?
ఇంద, ఈ చెయ్యి సూడు."

ఈసారి కళ్లు మూసుకుని వెతికాను.
రికార్డులో నేను గీయని చోట, మణికట్టుకు బెత్తెడు పైన,
నొక్కి వదిలితే మెత్తగా లేచిందొకటి.

ట్యూబులోకి చిక్కటి ఎరుపు.
ఆమె తలెత్తి చూసింది.
"పడిందా? ఎన్నించీలు?"

"మూడు ఎమ్మెల్ అవ్వా."

"సాలుతాదా మరి?"

తలూపి, లేబుల్ మీద ఆమె పేరు రాశాను.
అక్షరాలన్నీ వంకర.