కొలబద్ద

మన్నేరు.
పేరులోనే మన్ను ముందు, ఏరు వెనక.
ఏడాదిలో పదినెలలు అదే వరస.

రేగళ్లపాడు వంతెన కింద
మూడు సిమెంటు గుంజలు, తెల్లరంగు మీద నల్లగీతలు,
కింద నుంచి పైకెక్కే అంకెలు.
వాటిని చదివే ఉద్యోగం మా నాయనది.
ఇప్పుడు నాది.
పొద్దున ఎనిమిదికి దిగతా,
ఇసకలో నిలబడతా,
గుంజని చూస్తా,
రిజిస్టరులో రాస్తా: సున్నా పాయింటు సున్నా సున్నా.
సున్నాకి కూడా సంతకం కావాల.
కాలేషా, దినకూలీ.

ఒకసారి ఫారం మీద జిల్లా పేరు మారింది.
ప్రకాశం కొట్టేసి పక్కన నెల్లూరని రాసినారు.
ఏటికి ఆ సంగతి ఎవురూ చెప్పలా.
కందుకూరు సంతకి పొయ్యే ఆడోళ్లు
అదే బాటన, అదే ఎండలో
అడ్డంపడి దాటతానే ఉండారు.

నీళ్లెంత అని అడగతాది ఫారం.
ఏట్లో ఏముందని అడగదు.
అడిగితే చెబుదును.
ట్రాక్టరు టైర్ల గాడి, దాంట్లో ముడుచుకున్న కుక్క,
మాల్యాద్రి దోసపాదులకి కట్టిన కంప,
నాలుగేళ్లుగా తడవని ఓబులమ్మ చాకిరేవు బండ.
పీర్లని ఏట్లోనే కడగాలని
బోరుకాడ నుంచి బిందెలతో మోసుకొచ్చి
ఏట్లో పోసిన నీళ్ల తడి.
అది ఆరేదానికి పట్టిన అరగంట.

ఇంకా, మానికల పోలమ్మ చెలమ.
బోరునీళ్లకి పప్పుడకదు.
మా ఊళ్లో ఉడికిన పప్పంతా ఆమె ముంతతో తోడిందే.
"ఎంత లోతు పోలమ్మా" అంటే నోటితో చెప్పదు,
గుంటలో దిగి చూపుతాది.
మొన్నటేడు మోకాలు.
పోయినేడు నడుము.
ఈ యేడు ఇసక పైన ముంత కనపడింది,
దాన్ని పట్టుకున్న చెయ్యి కనపడింది.
అంతే.

నా అంకెలు పైకి పోతాయి, ఆమెవి కిందికి.
గుంజల్ని కిందికి కూడా గీతలు గీసి పాతమని
ఆఫీసుకి అర్జీ పెట్టినా.
తనిఖీకొచ్చిన సారు నవ్వినాడు.
"భూమిలోపలిది వేరే శాఖ, కాలేషా."

కార్తీకంలో తుపాను.
వెలిగొండల్లో ఎప్పుడు కురిసిందో,
రాత్రి రెండింటికి ముందు వాసన వచ్చింది,
పచ్చిమట్టి, కుళ్లిన ఆకు.
తరవాత వంతెన వణికింది.
ఊరంతా టార్చిలైట్లు పట్టుకోని రైలింగు కాడ.
అప్పుడు ఫోను.
"ఎంతుంది? రీడింగు చెప్పు."
మొదటి గుంజ లేదు. రెండోది లేదు.
మూడోది ఉండాల్సిన చోట సుడి తిరగతాంది.
"సార్, కొలబద్దే కనపళ్లా."
"అది రాసేదానికి గడి లేదయ్యా. ఒక అంకె చెప్పు."

వెనక నుంచి ఎవురి అంకె వాళ్లు చెప్తా ఉండారు.
మాల్యాద్రి, "రెండెకరాలు."
ఓబులమ్మ, "నా బండ మునిగిందిరా, నా బండ మునిగింది,"
పెళ్లికూతురు సంగతి చెప్పినట్టు.
నా నోటికి నాలుగు పాయింటు రెండు సున్నా వచ్చింది.
ఈరోటికీ దస్త్రంలో అదే ఉండాది.
రేపు ఇంకో వంతెన కట్టినా
దాని ఎత్తు నా నోటి నుంచి పుట్టాల్సిందే.

పోలమ్మ ఏమీ చెప్పలా.
ముంత చంకన పెట్టుకోని నిలబడింది.
ఆ ఒక్కటే తెచ్చుకుందనీ,
గట్టు కింద గుడిసె లేదనీ
తెల్లారినాక గానీ మాకెవురికీ తట్టలా.

పదిరోజులకి ఏరు సన్నబడి, తెగి, మడుగులై, పోయింది.
కొత్త ఇసక. దాంట్లో ఎవురి బాటా లేదు.
పోలమ్మ అటూ ఇటూ తిరిగి
నాలుగు చోట్ల కూచోని లేచింది,
అయిదోచోట చేత్తో గీరింది.
"ఎంత?" అన్నా.
చెయ్యి చాపింది. మోచేతి దాకా తడి.

ఎనిమిదయింది.
గుంజల్లో ఒకటి విరిగింది, రెండు వాలినాయి.
సున్నా పాయింటు సున్నా సున్నా. కాలేషా, దినకూలీ.
ఆ పూట మా ఇంట్లో పప్పు
ఒక్క పొంగుకే మెత్తబడింది.

పోలమ్మ ఇంకా పీర్లచావిడి అరుగు మీదే,
పట్టా కప్పుకోని ఉండాది.
అది ఏ శాఖో
కనుక్కోవాల.