వదులు తాడు

"చెప్పులేసుకో" అన్నాను.
అంతే.
సాలగ్రామపురం పోర్టు క్వార్టర్సులో ఏడూ నలభైకి
ధాత్రి బల్లకింద దూరి పిల్లయిపోయింది.
పిల్లులకి చెప్పులుండవట.

మొన్న ఎడమకాలు నిద్రపోయిందట,
నిద్రపోయేవాళ్ళని లేపితే పాపమట.
బడంటే ఇష్టంలేక కాదు.
తను అడిగి కొనిపించుకున్న పుల్లయిసు కూడా
"తిను, కారిపోతోంది" అని నేననగానే
దానికి చేదెక్కిపోతుంది.
మోచేతిదాకా కారనిచ్చి చూస్తూ కూచుంటుంది.

గుమ్మంలోంచి మా అమ్మ:
"ఒక్కటంటించు, అదే తొడుక్కుంటాది.
నిన్నలాగే పెంచినాను కాదేటి?"

అలాగే పెంచింది.
అందుకే నలభై ఒకటో ఏట
ఆఫీసునించి వచ్చిన కవరు
ఫ్రిజ్ మీద పదకొండు వారాలుగా అంటించినట్టే ఉంది.
ఒక్క సంతకం. పెన్ను పక్కనే.
ఇవాళ చేసెయ్యాలి అనుకున్న ప్రతి పొద్దున్నా
కడుపులో ఎవరో గడియ వేసేస్తారు.
నాకు నేను చెప్పుకున్నా
చెప్పడం చెప్పడమే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అంది,
"మీకు చెప్పులని వినపడుతోంది,
దానికి ఫ్యాక్టరీ సైరన్ వినపడుతోంది."
ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణి.
సైరన్ అంటే ఏంటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

నేను టగ్గు మీద తాళ్ళ మనిషిని.
డాల్ఫిన్ నోస్ పక్కన ఇరుకు కాలువలో
బొగ్గు ఓడని ఎవడూ తోలలేడు.
భుజం ఆనించి, దాంతోపాటు నడుస్తాం.
తాడు మరీ బిగిస్తే తెగుతుంది,
తెగిన తాడు ఊరికే పోదు.
సన్నాసిరావు మామ కుంటికాలు చూపించి నేర్పిన పాఠమిది:
పోటొస్తుంది, ఆటొస్తుంది,
నీళ్ళకి కాస్త వదులుంచు.
ఇరవయ్యేళ్ళుగా చేతులకి తెలుసు.
నోటికే తెలీలేదు.

నేల మీద చతికిలబడ్డాను.
నా బూటు లేసుతో పేచీ పెట్టుకున్నాను.
"ఇదెటు పోవాలో" అన్నాను, గోడతో.
బల్లకింద రెండు కళ్ళు.
చూడనట్టు కూచున్నాను, చాలాసేపు.
ఆటో హారన్ కొట్టింది, మళ్ళీ కొట్టింది, పోయింది.
పోనీ.

పిల్లి బయటికొచ్చింది,
చెప్పులు చేతిలో పట్టుకుని.
"మొయ్యొచ్చు. తొడుక్కోకూడదు."
సరే అన్నాను.
కాన్వెంట్ జంక్షన్ దగ్గర
లారీల వెనక స్కూటరాపినప్పుడు
వీపు వెనక ఏదో చప్పుడు, టప్, టప్.
నేను లారీ నంబరు చదువుకుంటున్నాను.

రోజూ ఇలా జరగదు.
గురువారం అరిచాను. కరిచింది.
మణికట్టు మీద ఇంకా నాలుగు పళ్ళున్నాయి.

రాత్రి ఫ్రిజ్‌కేసి చూపించి అడిగింది:
"దాన్ని తెరవమని నీకెవరు చెప్పారు?"
"అందరూ."
కాసేపు ఆలోచించింది.
కుర్చీ ఎక్కి కవరు దించి
బల్లకింద తన దుప్పటిలో పెట్టింది.
"ఇదీ దాక్కోనీ. ఎవరూ ఏమీ అనరులే."

అంతా పడుకున్నాక
మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళాను.
హార్బరులో ఏదో ఓడ కూత.
కవరు ఒక మూల చించాను.

ఇవాళ్టికి ఆ మూలే.