జనవరి వాన

ముందు చచ్చిన దూడ గురించే చెప్పాలి.
రిస్తెన్ దాన్ని దాణా సంచిలో చుట్టి
మంచుబండి మీద రోడ్డు దాకా,
అక్కణ్ణుంచి వ్యానులో ఆల్టా దాకా తెచ్చి
నా బల్ల మీద పెట్టింది.
"ఎందుకు పోయిందో చూడు."
రెండో మాట లేదు.

భుజపుటెముకల మధ్య కోసి
మెంతిగింజంత గోధుమరంగు కొవ్వు తీశాను.
రాత్రంతా మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను.
మే నెలలో ఇక్కడ రాత్రి అనేది మాటవరసకే.

తెర నిండా మైటోకాండ్రియా.
చచ్చాక కాస్త ఉబ్బాయి, అయినా పోల్చుకోవచ్చు:
పైపొర నున్నగా, ఏమీ ఎరగనట్టు,
లోపొర మాత్రం కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా
ఇరుకులోనే ఎకరాల మేర.

మామూలు కణంలో ఆ మడతల నిండా తిరగళ్లు.
గట్టు అవతల పోగైన ప్రోటాన్లు
తూములోంచి తోసుకొస్తుంటే
గిర్రున తిరిగి
ఒళ్లు ఖర్చుపెట్టుకునే చిల్లర విసురుతాయి.

ఈ కొవ్వు తీరు వేరు.
తన గట్టుకి తనే గండి కొట్టుకుంటుంది.
తిరగలిని తాకకుండానే ప్రవాహం వెళ్లిపోతుంది.
పని జరగదు.
ఆ జరగని పనే వేడి.
దుబారా అనేవాళ్లుంటే
మైనస్ పదిలో, తడి ఒంటితో
ఒకసారి పుట్టి చూడమనండి.

గండ్లకి లోటు లేదు.
కొవ్వు చుక్కలే లేవు.
పొయ్యి ఉంది, కట్టెలు లేవు.

ఫోన్ చేశాను.
"జనవరిలో వాన పడింది" అంది.
మంచు మీద వాన గాజులా గడ్డకట్టి
కింద మేత కనిపిస్తూనే తల్లి నోటికందలేదు.
నా తెర చెప్పింది ఆమెకి ముందే తెలుసు.

జూలైలో చెవులు కోసే చోటికి పిలిచింది.
వెయ్యి దూడల్లో ఏది ఎవరిదో ఎలా?
"తల్లి వెనకే నడుస్తుందిగా."
మైటోకాండ్రియా కూడా అంతే అన్నాను,
తండ్రివి మిగలవు, తల్లి వెంటే వస్తాయి.
ఎప్పుడో ఒక బ్యాక్టీరియా
ఇంకో ప్రాణి లోపలికి
చుట్టంగానో, తిండిగానో వచ్చి
అరక్కుండా ఉండిపోయిందట.

కత్తి తుడుస్తూ ఆలోచించింది.
"అయితే దానికీ ఓ చెవిగుర్తుండాలి."
ఉంది, సొంత రాత. పదహారు వేల అక్షరాలు.
"మా ఇంటిది ఐదు కోతలే" అని నవ్వి
ఓ దూడని నా చేతుల్లోకి తోసింది.

గోధుమ కొవ్వు కరిగిపోయిన వయసు దానిది.
గండ్లు పూడిపోయాయి, తిరగళ్లు తిరుగుతున్నాయి.
డొక్కలో ఒక్క తన్ను తన్ని
తల్లి కోసం పరిగెత్తింది.